నాలుగో గడి

"నువ్వే చేశావమ్మా! ఎవరో పరాయివాళ్ళు కాదు, నువ్వే. కళ్ళజోడు పెట్టుకుని, తీరిగ్గా కాఫీ తాగుతూ, నా బిడ్డని నీ చేత్తో నువ్వే వాళ్ళకి అప్పజెప్పావు!"

రోషెల్ కాగితాల కట్ట బల్లమీద విసిరికొట్టింది. కాఫీ కప్పు ఎగిరిపడింది. రాత్రంతా ముసలివాళ్ళ ఆశ్రమంలో డ్యూటీ చేసి వచ్చిన మనిషి, ఒంటిమీద కోటయినా విప్పలేదు. బూట్లకంటిన మంచు కరిగి నేలమీద మడుగు కడుతోంది.

తల్లి డెల్ఫీన్ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. ఒక కట్టె లోపలికి తోసింది. పొయ్యి తలుపు మూసింది.

"పలకవేం?"

"నువ్వు అరవడం అయిపోతే పలుకుతాను."

"అరుస్తాను! ఒంటిగంటకి స్కూలువాళ్ళముందు కూర్చోవాలి నేను. సంతకం పెట్టమంటారు. పెడితే వచ్చే ఆదివారం సాయంత్రం తషీనా బస్సెక్కుతుంది. తొంభై మైళ్ళ అవతల, మనసు బాగాలేని పిల్లల బడికి. మళ్ళీ శుక్రవారం దాకా దాని మొహం కనపడదు. పెట్టకపోతే, ఇంట్లో పిల్లకి రక్షణ లేదని రాష్ట్రం పిల్లల ఆఫీసుకి రాస్తారట. ఇదిగో, ఎంత మర్యాదగా రాశారో చూడు. అరవక పాట పాడమంటావా?"

పదేళ్ళ తషీనా ఏడుగంటల బస్సుకే స్కూలుకి వెళ్ళిపోయింది. రోషెల్ ఇల్లు చేరేసరికి పిల్ల తాగిన గిన్నె తొట్టిలో ఉంది. కిటికీ గట్టుమీద చిన్న కంచం ఉంది. అందులో చెంచాడు జావ, వేపుడు రొట్టె ముక్క. అది తాతకి. ఆకులు రాలే నెలలో పోయాడాయన. అప్పట్నుంచి ఒక్క పూట మరిచిపోలేదు పిల్ల. ముందు ఆయనకి తీసిపెడుతుంది, నాలుగు కబుర్లు చెబుతుంది, ఆ తర్వాతే తను ముద్ద ముట్టేది.

రోషెల్ కంచం వైపు చూడకుండా కాగితం అందుకుంది.

"చదువుతాను, విను. 'ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతుందా?' నాలుగు గడులున్నాయి. అస్సలు లేదు. అప్పుడప్పుడు. తరచుగా. నిత్యం. నువ్వెక్కడ టిక్కు పెట్టావు?"

"నిత్యం అని పెట్టాను. నిత్యమే కదా."

"'తోటిపిల్లల ఆటపాటలకి దూరంగా ఉంటుందా?'"

"నిత్యం. ఇంట్లో మనిషి పోయి ఏడు తిరక్కుండా గంతులేమిటి?"

"'జరిగిన విషాదాన్నే తలుచుకుంటూ ఉంటుందా?'"

"నిత్యం."

"'చెప్పిన పని చెప్పగానే చేస్తుందా?'"

"అస్సలు లేదు అని పెట్టాను. మన ఇళ్ళల్లో పిల్లలకి హుకుములు జారీ చేస్తామా? చూసి నేర్చుకుంటుంది. తనకి తోచినప్పుడు తనే చేస్తుంది. కూర్చోమనగానే కూర్చోడానికి అదేమన్నా పెంపుడు కుక్కా?"

"అమ్మా!"

"ఉన్నదే చెప్పానమ్మాయ్."

"నలభై ప్రశ్నలు. ముప్ఫై ఒక్కదానికి నువ్వు పెట్టిన టిక్కు పిల్లకి జబ్బుందని చెబుతోంది. ముప్ఫై ఒకటి! టీచరు కూడా అన్ని పెట్టలేదు."

డెల్ఫీన్ అప్పుడు తిరిగింది. ఆ ముసలి మొహంలో కోపం లేదు. బిత్తరపోయింది, అంతే. కీళ్ళవాతంతో వంకర్లు పోయిన వేళ్ళతో ఏప్రాన్ కొస పట్టుకుని నిలబడింది.

"నేను పిల్లకి మంచి మార్కులు వేశాననుకున్నాను" అంది.

అక్కడుంది అసలు సంగతి. ఫారం పైన ఏమని రాశారు? 'పిల్లని పెంచుతున్న పెద్దలు నింపవలెను' అని రాశారు. పెంచుతున్న పెద్ద డెల్ఫీనే. ఆ కాగితం ఇంటికొచ్చిన మొదటి రోజునే దాని ముందు గర్వంగా కూర్చుంది. తాతకి కంచం మరవని పిల్ల. ఏడాదిపాటు నవ్వు తగ్గించుకోవాలని తెలిసిన పిల్ల. పెద్దవాళ్ళ కళ్ళలోకి తిన్నగా చూడని పిల్ల. నేను గొప్ప అని నోరు తెరిచి ఒక్కనాడూ చెప్పుకోని పిల్ల. లకోటా తెగ ఆదివాసుల ఇళ్ళల్లో ఇంతకన్న బాగా పెరిగిన పిల్ల ఉంటుందా? అందుకని వరసగా అన్నిటికీ నిండు మార్కులు వేసుకుంటూ పోయింది.

ఆ ప్రశ్నలు రాసినవాడు ఈ గడ్డమీద ఒక్క పూట కాలు పెట్టలేదు. ఒక్క శవాన్ని మొయ్యలేదు. వాడి లెక్కలో తొందరగా మరిచిపోయిన పిల్ల ఆరోగ్యంగా ఉన్నట్టు, మరవని పిల్లకి వైద్యం కావాల్సినట్టు! ఆ లెక్క నీకెవడు నేర్పాడురా అని ఇన్నేళ్ళలో ఒక్కరూ వాణ్ణి నిలదీయలేదు. నిలదీసే పని ఇవాళ, నిద్రలేక కళ్ళెర్రబడ్డ ఈ ఆడమనిషి నెత్తిన పడింది. ఆమేమో దొరికిన తల్లినే నిలదీస్తోంది.

"జుట్టు గురించి ఏం రాశారో తెలుసా?" రోషెల్ ఇంకో కాగితం లాగింది. "టీచరు రాసింది. 'అక్టోబరులో జుట్టు తనే ఎడాపెడా కత్తిరించుకుని వచ్చింది. తనకి తాను హాని చేసుకునే ప్రమాదం ఉంది.'"

"నేను కత్తిరించాను. సమాధి దగ్గర. అందరం కత్తిరించుకున్నాం." డెల్ఫీన్ గొంతు మొదటిసారి పదునెక్కింది. "ఈ వేళ్ళతో కత్తెర తిన్నగా పోదు. వంకరగా వచ్చింది నిజమే. నీకు మాత్రం ఆ వంకర రాలేదులే. నీ జడ నీకే ఉంది."

రోషెల్ చెయ్యి జడమీదికి పోయింది.

ఆశ్రమంలో తెల్ల పెద్దనర్సు ఏమిటని అడుగుతుందని, అడిగితే చెప్పలేనని, ఆరోజు కత్తెర తన దాకా వచ్చినప్పుడు పక్కకి తప్పుకుంది. నాలుగు నెలలుగా ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇవాళ ఎత్తింది తల్లి.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

తలుపు తోసుకుని ఆర్లిస్ వచ్చింది, చలిగాలిని వెంటేసుకుని. రోషెల్ చెల్లెలు. తషీనాకి చిన్నమ్మ. పిల్ల ఆమెని కూడా అమ్మా అనే పిలుస్తుంది. 'ఇంట్లో ఇద్దరు అమ్మలున్నారంటోంది, కుటుంబ పరిస్థితి గందరగోళం' అని ఆ కాగితాల్లో దానికీ ఒక వాక్యం ఉంది.

"మీ ఇద్దరి గొంతులూ రోడ్డుమీదికి వినపడుతున్నాయి. బయట కుక్క నాతో చెప్పింది, ఇప్పుడు లోపలికి పోవద్దని."

"కుక్క మాట్లాడిందని ఆ స్కూల్లో అనకు" అంది రోషెల్. "నిన్ను కూడా బస్సెక్కిస్తారు."

ఆర్లిస్ నవ్వబోయింది. అక్క మొహం చూసి మానేసింది. టోపీ తీసి బల్ల దగ్గర కూర్చుంది.

రోషెల్ ఆమె మీదికి తిరిగింది. "ప్రశ్నలు అమ్మకి చదివి వినిపించింది నువ్వేగా?"

"నేనే."

"మన భాషలో చెప్పింది నువ్వేగా?"

"నేనే."

"ఆ స్కూల్లో శాంతి గదిలోనే కదా నీ ఉద్యోగం. అల్లరి పిల్లలని, మొండి పిల్లలని తెచ్చి కూర్చోబెట్టే గదిలో ఆయావి నువ్వు. ఏ టిక్కు పెడితే ఎవరు ఆ గదిలో పడతారో రోజూ చూస్తున్నావు. తెలిసే ఊరుకున్నావా?"

ఆర్లిస్ టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చుంది.

"తెలుసు" అంది.

"తెలుసా!"

"మూడో ప్రశ్నకే తెలిసింది. ఆపాలనుకున్నాను."

"ఆపితే నీ సొమ్మేం పోయేది?"

"అమ్మ చెబుతుంటే నేను దిద్దాలా అక్కా? నువ్వు దిద్దుతావా? తప్పు చెబుతున్నావమ్మా అని ఆవిడ మొహాన అంటావా?" ఆర్లిస్ తల ఎత్తలేదు. "నాన్న పోయాక అమ్మ అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు. ఒక్కో ప్రశ్నకి ఒక్కో కథ చెప్పింది. తషీనా నాన్నకి కబుర్లు ఎలా చెబుతుందో చేసి చూపించింది. నవ్వింది కూడా. ఇక్కడే, ఈ కుర్చీలో. నాకు నోరు రాలేదు. నేను ఈ తెగ మనిషిని కాబట్టి మిస్ హాల్వర్సన్ నన్ను అడుగుతుందిలే, అప్పుడు విప్పి చెబుదామనుకున్నాను."

"అడిగిందా?"

"లేదు. నువ్వు చుట్టానివి, చెబితే పక్షపాతం అవుతుంది అంది."

మిస్ హాల్వర్సన్ అంటే పిల్లల మనసు పరీక్షించే ఆవిడ. వారానికి రెండురోజులు స్కూలుకి వస్తుంది. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే తిట్టి ఊరుకోవచ్చు. పిల్లలంటే ప్రేమ, కంటనీళ్ళు పెట్టుకుంటుంది, తర్వాత ఫారంలో ఏముంటే అది చేస్తుంది.

రోషెల్ కూలబడింది. కాగితాలు తిరగేసింది. చివర్లో హాల్వర్సన్ పిల్లని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు, పిల్ల చెప్పిన జవాబులు ఉన్నాయి. అవి ఇంకా చదవలేదు. ఇప్పుడు పైకి చదివింది.

"'రోజూ ఎవరితో మాట్లాడతావు?' 'తాతతో.' 'తాత జవాబు చెబుతాడా?'" రోషెల్ ఆగింది. "'తాత ఎప్పుడూ తొందరపడి జవాబు చెప్పడు.'"

ఆర్లిస్ ఫక్కుమంది. డెల్ఫీన్ భుజాలు కదిలాయి. రోషెల్‌కి కూడా నవ్వు తన్నుకొచ్చింది. ఆ మనిషి అంతే మరి. ఏడాది కిందట బండి అమ్ముతావా అని ఎవరో అడిగితే మూడువారాల తర్వాత వెతుక్కుంటూ వెళ్ళి 'అమ్మను' అని చెప్పి వచ్చాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ తెగిందో తెలియదు. రోషెల్ బల్లమీద తలపెట్టి ఏడుస్తోంది.

ఆ జవాబు కింద హాల్వర్సన్ రాసిన ముక్క ఒకటే. 'గొంతులు వినిపిస్తున్నాయన్న అనుమానం.'

"నేను సంతకం పెడతాను" అంది రోషెల్, తల ఎత్తకుండా.

ఆర్లిస్ చప్పున తలెత్తింది.

"పెడతాను. పక్కింటి వెర్నా ఇలాంటి కాగితమే వస్తే పెట్టలేదు. ఏమైంది? ఆఫీసువాళ్ళు వచ్చి పిల్లలిద్దర్నీ తీసుకుపోయారు. మూడేళ్ళు. చిన్నవాడికి తల్లి మొహం గుర్తులేదట. బస్సెక్కితే శుక్రవారానికి ఇంటికైనా వస్తుంది. ఆఫీసువాళ్ళు తీసుకుపోతే ఏ శుక్రవారం వస్తుంది?"

"అక్కా..."

"నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడాల్సినరోజు మాట్లాడలేదు."

డెల్ఫీన్ వచ్చి బల్ల అవతల కూర్చుంది. చల్లారిన కాఫీ కప్పు దగ్గరికి లాక్కుంది. తాగలేదు.

"మాకూ ఆదివారం సాయంత్రమే వచ్చేది బస్సు" అంది.

అంతకుమించి చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ మాట తర్వాత ఎప్పుడూ ఎవరూ ఏమీ అడగరు. తెగ పిల్లల్ని ఇళ్ళనుంచి లాక్కుపోయే సర్కారు హాస్టలు బడి బస్సది. ఆరేళ్ళప్పుడు ఎక్కిన డెల్ఫీన్, పదహారేళ్ళకి దిగింది. మధ్యలో పదేళ్ళు ఎక్కడున్నాయో కూతుళ్ళకి తెలియదు.

పదకొండున్నరకి ట్రక్కు ఎక్కారు. మైదానం మీద మంచు అడ్డంగా కొడుతోంది. హీటరు పనిచెయ్యదు. ముగ్గురూ ఒక దుప్పటి కప్పుకుని ఇరుక్కుని కూర్చున్నారు. ఆర్లిస్ ఇవాళ సెలవు పెట్టి నడుపుతోంది. తెగకి వదిలిన నేల దాటి తెల్లవాళ్ళ ఊరి పొలిమేరలోకి వచ్చారు.

"ప్రిన్సిపాలు నిన్న నన్ను పిలిచాడు" అంది ఆర్లిస్. "ఉద్యోగివి కాబట్టి మీటింగులో నోరు విప్పకూడదన్నాడు. విప్పితే ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నాడు."

"అయితే రాకు."

"అమ్మ మాట ఇంగ్లీషులో చెప్పడానికి వస్తున్నాను. అది నా మాట కాదుగా."

"అమ్మకి ఇంగ్లీషు వచ్చుగా."

డెల్ఫీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "ఇవాళ రాదు."

మీటింగు గదిలో బల్లమీద బిస్కెట్ల పళ్ళెం ఉంది. కన్నీళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె కూడా ఉంది. అంటే ఎవరో ఒకరు ఏడుస్తారని ముందే తెలుసన్నమాట. మిస్ హాల్వర్సన్ లేచి రోషెల్, డెల్ఫీన్ ఇద్దరి చేతులూ పట్టుకుంది. ప్రిన్సిపాల్ టెగ్‌మేయర్ లేవలేదు. ఆర్లిస్‌ని చూసి కనుబొమలు ముడిచాడు.

"ఆర్లిస్, మీరు ఇక్కడికి ఉద్యోగిగా వచ్చారా, చుట్టంగా వచ్చారా?"

"రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి సార్. విడదీసే కత్తెర మీ దగ్గరుంటే చూడండి."

హాల్వర్సన్ గొంతు సవరించుకుంది. రంగుల బొమ్మ ఒకటి తీసి రోషెల్ ముందు పెట్టింది. పచ్చ, పసుపు, ఎరుపు. తషీనా పేరున ఉన్న చుక్కలన్నీ ఎరుపులోనే ఉన్నాయి.

"చూడండి, టీచర్ ఫారం, ఇంటి ఫారం, నా పరిశీలన. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఇంటినుంచి వచ్చిందే మరీ ఎక్కువ. మీరంత నిజాయితీగా నింపినందుకు నిజంగా కృతజ్ఞతలు. చాలామంది తల్లిదండ్రులు దాచిపెడతారు."

రోషెల్ ఆ బొమ్మని వెనక్కి తోసింది.

"ఈ ప్రశ్నలు సరైనవని ఎవరు చెప్పారు?" అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది.

"దేశమంతటా వేలమంది పిల్లలమీద సరిచూసినవండీ ఇవి."

"ఎవరి పిల్లలు?"

హాల్వర్సన్ నోరు తెరిచింది. ప్రిన్సిపాల్ వంక చూసింది. "అది... ఆ వివరం నా దగ్గర లేదు."

అప్పుడు డెల్ఫీన్ మొదలుపెట్టింది. లకోటాలో, గొంతు పెంచకుండా, బల్లమీద చెక్క గీతలు చూస్తూ. ఆమె ఆగినప్పుడల్లా ఆర్లిస్ చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క కలపలేదు.

"మా అమ్మ అంటోంది: మీరు అడిగారు, నేను చెప్పాను. మా ఇంట్లో మనిషి పోతే ఏడాది మోస్తాం. ఏడు తిరిగిన రోజున నలుగురూ కూర్చుని మాకు కన్నీళ్ళు తుడుస్తారు, తల దువ్వుతారు, అన్నం పెడతారు. అప్పుడు నవ్వుతాం. ఇంకా ఎనిమిది నెలలుంది. పిల్ల దారిలో ఉంది. దారిలో నడుస్తున్న పిల్లని పట్టుకుని, ఇది ఇల్లు చేరలేదు, జబ్బుపిల్ల అంటున్నారు మీరు."

హాల్వర్సన్ మొహం ఎర్రబడింది.

"ఏడాది సంగతి నాకు తెలియదు" అంది మెల్లిగా. "ఫారంలో ఆ ప్రశ్న లేదు."

"ఫారంలో లేకపోతే నోరుంది కదమ్మా నీకు అంటోంది."

"అలా అనలేదావిడ" అన్నాడు టెగ్‌మేయర్.

"అనలేదు. అది నాదే" అంది ఆర్లిస్. "ఇంకోటి కూడా నాదే. శాంతి గదిలో పదకొండుమంది పిల్లలున్నారు. తొమ్మిదిమంది మావాళ్ళు. స్కూలు మొత్తంమీద మావాళ్ళు నలుగురిలో ఒకరు. అశాంతి మా పిల్లలకే పుట్టుకతో వస్తుందా సార్?"

"ఆర్లిస్! మిగతా పిల్లల విషయం మీరు మాట్లాడ్డానికి వీల్లేదు. మిమ్మల్ని హెచ్చరించాను." టెగ్‌మేయర్ గొంతు తగ్గించి రోషెల్ వైపు తిరిగాడు. "మీ సంస్కృతి అంటే మాకు గౌరవమే. ప్రతి నవంబరులో మీ తెగల పేరున వారం రోజులు ఉత్సవం జరుపుతాం, మీకు తెలుసు."

"పిల్లల తలలకి కాగితం ఈకలు అతికిస్తారు" అంది ఆర్లిస్.

"కానీ పిల్ల భద్రత విషయంలో మేము తెగించలేం. ఎరుపులో పడ్డ పిల్లని వదిలేస్తే, రేపు ఏదైనా జరిగితే, మీరే మమ్మల్ని అడుగుతారు. సంతకం ఇక్కడ." పెన్ను జరిపాడు.

రోషెల్ పెన్ను తీసుకుంది.

వెర్నా చిన్నకొడుకు మొహం కళ్ళముందుకొచ్చింది. శుక్రవారానికైనా వస్తుంది. శుక్రవారానికైనా వస్తుంది. పెన్ను మూత తీసింది. పెద్దవాళ్ళముందు, పరాయివాళ్ళముందు ఎప్పుడూ ఉన్నట్టే కళ్ళు దించుకుని ఉంది. అందుకే కనపడింది.

బల్ల అవతల హాల్వర్సన్ చేతికింద చిన్న పుస్తకం ఉంది. మీటింగు మొదలైనప్పట్నుంచి ఆమె అందులో ఏదో రాస్తూనే ఉంది. ఆశ్రమంలో మంచానికి అవతలివైపు నుంచి చార్టులు చదివీ చదివీ రోషెల్‌కి తలకిందుల అక్షరాలు అలవాటే.

'తల్లి కళ్ళలోకి చూడదు. ముఖంలో భావం లేదు. నిద్రలేమి. తల్లికి కూడా పరీక్ష అవసరమేమో.'

రోషెల్ మళ్ళీ చదివింది.

తల్లికి కూడా. తర్వాత అమ్మమ్మకి కూడా. కంచం పెట్టే ప్రతి ఇంటికీ కూడా. ఈ కాగితానికి ఆకలి తీరదు. సంతకం పెడితే ఆగుతుందనుకుంది తను. ఆగదు. ఉదయం నుంచి తను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చాయి. తల్లిమీద, చెల్లెలిమీద. వీళ్ళమీద ఒక్కటీ అరవలేదు.

పెన్నుకి మూత పెట్టింది.

"నా కూతురు ఇప్పుడు ఏ క్లాసులో ఉంది?"

హాల్వర్సన్ పుస్తకం మూసింది. టెగ్‌మేయర్ గడియారం చూసుకున్నాడు.

"అడుగుతున్నాను. లెక్కల క్లాసులోనా?"

"ఈ ఉదయం నుంచి శాంతి గదిలో ఉంచాం" అన్నాడు టెగ్‌మేయర్. "పరిశీలన కోసమే. మీరు ఎలాగూ ఒప్పుకుంటారని..."

ఆర్లిస్ కుర్చీ కిర్రుమంది. "నేను సెలవు పెట్టిన రోజు చూసుకుని పెట్టారా? అక్కా, ఆ గదికి తాళం బయటివైపు ఉంటుంది."

డెల్ఫీన్‌కి ఎవరూ తర్జుమా చెయ్యాల్సిన పని లేకపోయింది. ఆమె రెండు చేతులూ బల్లమీద పెట్టింది.

కిటికీ బయట మంచులో రాష్ట్రం పిల్లల ఆఫీసు బండి వచ్చి ఆగింది. ఫైలు చంకన పెట్టుకుని ఒకామె దిగింది. సరిగ్గా సమయానికి. పిలవకుండా వచ్చిన మనిషి కాదు.

"మీరు సంతకం చేస్తే ఆవిడతో పనుండదు" అన్నాడు టెగ్‌మేయర్. దయగానే అన్నాడు.

నడవాలో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. రోషెల్ పెన్ను వెనక్కి జరిపింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని చేసింది. తల ఎత్తి ఆ మగమనిషి కళ్ళలోకి తిన్నగా చూసింది.

"చూస్తున్నాను కదా? రాసుకోండి. ఆవిణ్ణి కూడా రానివ్వండి, వింటుంది. మా అమ్మ నింపిన కాగితం నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడ తనకి అర్థమైన ప్రశ్నకి జవాబిచ్చింది, మీరు అడిగిన ప్రశ్నకి కాదు. మళ్ళీ అడగండి. మా మాటలో అడగండి, మావాళ్ళలో తెలిసిన మనిషి పక్కన కూర్చోగా అడగండి. పిల్ల ఏమిటో చెప్పడానికి పిల్లే ఉంది. ఆ తొమ్మిదిమందికీ అలాగే అడగండి, ఒక్కరినీ వదలకుండా. అవన్నీ తర్వాత. ముందు ఆ తాళం తియ్యండి. నా బిడ్డని ఈ గదిలోకి తీసుకురండి. రేపు కాదు. ఆవిడ ఫైలు తెరిచాక కాదు. ఇప్పుడు. లేవండి సార్."